మూడు రోజుల హాజరు

కళాశాలల గుణనిర్ణయ మండలి వారు ఆ ఏడాది జూన్‌లో ఒక కొత్త నియమావళి విడుదల చేశారు. ఒక కళాశాల మంచిచెడ్డలు అక్కడ ప్రస్తుతం చదువుతున్న వాళ్లను చూసి తేల్చడం తొందరపాటని, వాళ్లు రేపు ఏమవుతారో ఎవరికీ తెలియదని మండలి అభిప్రాయపడింది. ఈమధ్యే చదివి వెళ్లిన వాళ్లను చూసి తేల్చడమూ ప్రమాదమే. తెచ్చుకున్న పేరు చెడగొట్టుకోవడానికి వాళ్లకింకా బోలెడు వయసుంది. అందుచేత ఇకమీదట అరవై దాటిన పూర్వ విద్యార్థుల సాధనలను బట్టే గ్రేడు ఇస్తారు. ఉద్యోగంలో రాణించిన ఒక్కో పెద్దమనిషికి మూడు మార్కులు. కళల్లోనో రచనలోనో రాణిస్తే అయిదు. రెండింటా రాణిస్తే తొమ్మిది. మూడూ అయిదూ కలిపితే తొమ్మిది ఎలా అవుతుందని ఎవరో లెక్కల లెక్చరరు ఉత్తరం రాస్తే, సమన్వయానికి ఒక మార్కు అని జవాబు వచ్చింది.

ఈ నియమావళి కొత్తరేవు డిగ్రీ కళాశాలకు చేరిన వారంలోనే హైమవతి ఆ కాలేజీ మెట్లెక్కింది. ఆమెకు నియమావళి సంగతి తెలియదు. ఆమె వచ్చిన పని వేరు.

పిల్లలమర్రి హైమవతికి అరవై తొమ్మిదేళ్లు. ఆ కాలేజీలోనే వృక్షశాస్త్రంతో బి.యస్సీ. చదివి, నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేరింది. ముప్ఫై నాలుగేళ్లు కాలవల పటాలు గీసి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయింది. ఆ హోదా పేరులో ఉన్న మగవాణ్ణి మార్చాలని ఒకసారి ఫైలు నడిచింది గాని, ఆమె కంటే ముందు ఆ ఫైలే రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఆదివారాలు కాలవగట్ల వెంట నడిచి, కనిపించిన ప్రతి మొక్కకూ బొమ్మ గీసుకోవడం ఆమెకు అలవాటు. అలా గీసిన రెండు వందల పన్నెండు బొమ్మలతో ఆరేళ్ల కిందట ‘కాలవగట్టు మొక్కలు’ అనే పుస్తకం వేసింది. బడిపంతుళ్లు, నాటువైద్యులు, పశువుల డాక్టర్లు దాన్ని చేతిసంచిలో పెట్టుకు తిరుగుతున్నారు. రెండో భాగం దాదాపు పూర్తయింది. ఒక్క మొక్క దగ్గర ఆగింది.

పశువుల కాపరులు దాన్ని చిలకబొట్టు అనేవారు. నీటి అంచున మొలిచేది, గోరంత నీలిపువ్వు. కాలవలకు సిమెంటు లైనింగు వేశాక కనిపించకుండా పోయింది. ఆ లైనింగు పటాలు ట్రేస్ చేసింది కూడా హైమవతే కాబట్టి, ఆ మొక్క బొమ్మ లేకుండా పుస్తకం ముగించడానికి ఆమెకు మనసొప్పలేదు. కాలేజీ హెర్బేరియంలో, అంటే మొక్కల్ని ఎండబెట్టి అట్టలకు అంటించి దాచిన గదిలో, దాని నమూనా ఉంటుందని ఆమె నమ్మకం. ఆ గది ఒక్కసారి తెరిచి చూపించమని అడగడానికి వచ్చింది.

ప్రిన్సిపాల్ డాక్టర్ పాలడుగు రత్నాకరంగారు ఆమె మాటల్లో మొక్క సంగతి వినలేదు. ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగం అన్నది విన్నారు, పుస్తకం అన్నది విన్నారు, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“తొమ్మిది,” అన్నారు.

హైమవతికి అర్థం కాలేదు. ఆయన ఆమెను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఈ విద్యాసంస్థ తన గర్భాన దాచుకున్న ఆణిముత్యాల్లో ఆమె ఒకరని, అట్టివారి అన్వేషణలోనే తాము అహోరాత్రాలు నిమగ్నులై ఉన్నామని చెప్పారు. వెంటనే ఆమెను ‘సాధకురాలు’గా ధ్రువీకరించవలసిందిగా సూపరింటెండెంట్ గొర్తి సుబ్బారాయుణ్ణి ఆదేశించారు.

సుబ్బారాయుడు ముప్ఫై ఒక్కేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి. చెడ్డవాడు కాడు. మనుషులు మాట మారుస్తారు, రిజిస్టరు మార్చదు అన్నది ఆయన అనుభవం, అంతే. మర్నాడు హైమవతి వచ్చేసరికి ఆమె బ్యాచి హాజరు పట్టీ దుమ్ము దులిపి బల్ల మీద సిద్ధంగా పెట్టాడు.

“రెండో సంవత్సరం పనిదినాలు నూట ఎనభై. తమరి హాజరు నూట ముప్ఫై రెండు. నూట ముప్ఫై అయిదు ఉండాలండి,” అన్నాడు.

డిగ్రీ యాభై ఏళ్ల కిందటే ఇచ్చేశారు గదా అని హైమవతి అడిగింది. డిగ్రీ విశ్వవిద్యాలయం వారి వ్యవహారమని, అందులో తాము జోక్యం చేసుకోబోమని, కాని ఫలానా సాధకురాలు నిబంధనల మేరకు కోర్సు పూర్తి చేసినదని రాసి సంతకం పెట్టవలసింది కళాశాల గనక మూడు రోజులు తక్కువగా ఉండగా ఆ వాక్యం తన కలం రాయదని సుబ్బారాయుడు వివరించాడు.

“ఆ మూడు రోజులూ సోమయాజులు మేష్టారు మమ్మల్ని ఏటి లంకల్లోకి తీసుకెళ్లారండి, మొక్కలు తేవడానికి,” అంది హైమవతి. “మీ బీరువాల్లో కొన్ని అప్పుడు తెచ్చినవే.”

“మొక్కలు వచ్చిన సంగతి స్టాకు రిజిస్టరులో ఉందండి. తమరు వెళ్లిన సంగతి హాజరు రిజిస్టరులో లేదు.”

దీనికి పరిష్కారం కూడా ఆయనే చెప్పాడు. హాజరు పూరించే నిమిత్తం తాత్కాలిక పునఃప్రవేశం అని ఒకటుంది. మూడు రోజులు క్లాసులో కూర్చుంటే సరిపోతుంది. ధ్రువపత్రం మీద హైమవతికి ఆసక్తి లేదు. లేవబోతూ, పూర్వ విద్యార్థులు హెర్బేరియం చూడొచ్చా అని మాత్రం అడిగింది. బయటివారికి ప్రవేశం లేదన్నాడు. మరి విద్యార్థులకో అని అడిగింది. విద్యార్థుల రోల్లో పేరుంటే ఆక్షేపణ ఏముంటుందన్నాడు. హైమవతి మళ్లీ కూర్చుని దరఖాస్తు అడిగింది.

దరఖాస్తుతోపాటు ర్యాగింగు చేయనని హామీపత్రం కూడా ఇవ్వాలి, దాని మీద తల్లి గాని తండ్రి గాని సంతకం పెట్టాలి. హైమవతి తల్లి శేషమ్మకు తొంభై రెండేళ్లు. కళ్లజోడు సర్దుకుని కాగితం రెండువైపులా తిప్పి చూసి, ఏ క్లాసని అడిగింది. రెండో సంవత్సరం అని కూతురు చెప్పింది.

“ఇంకా పాసవలేదుటే,” అని నిట్టూర్చి సంతకం పెట్టింది శేషమ్మ.

తర్వాత తేలిన చిక్కేమిటంటే, ఆ కాలేజీలో వృక్షశాస్త్రం కోర్సు చేరేవాళ్లు లేక నాలుగేళ్ల కిందటే మూతపడింది. జరగని క్లాసుకు హాజరు వేయడం ఎలా? రత్నాకరంగారు ఒక ఉత్తర్వు మీద ఆ శాఖను పునరుద్ధరించారు. జంతుశాస్త్రం లెక్చరరును ఇన్‌ఛార్జిగా వేశారు. ఆయన ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి, ఒక్క పేరు పిలిచి, ఒక్క ప్రెజెంట్ సార్ విని, వెళ్లిపోయేవాడు. హైమవతి కాలేజీ యూనిఫాం రంగైన లేతనీలం నూలుచీర కట్టుకుని, మెళ్లో గుర్తింపు కార్డు వేసుకుని, ముందు బెంచీలో కూర్చునేది. ఆయన గుమ్మం దాటగానే లేచి హెర్బేరియంలోకి వెళ్లిపోయేది.

పదకొండు బీరువాలు. తలుపు తీస్తే ఎండిన ఆకుల వాసన, కలరా ఉండల వాసన. పదకొండు వందల పైచిలుకు షీట్లు, ఒక్కోదాని కింద సోమయాజులు మేష్టారి గుండ్రటి అక్షరాలు. మొదటి రోజు సాయంత్రానికి మూడో బీరువాలో చిలకబొట్టు దొరికింది. నీలిపువ్వు బెల్లం రంగుకు తిరిగిందిగాని రేకులు చెక్కు చెదరలేదు. కింద చీటీ మీద ‘సేకరణ: పి. హైమవతి, రెండవ సంవత్సరం’ అని ఉంది. దాన్ని తెచ్చింది తానేనని ఆమె పూర్తిగా మరిచిపోయింది. చాలాసేపు ఆ చీటీ వైపే చూస్తూ నిలబడి, తర్వాత పెన్సిలు చెక్కుకుని గీయడం మొదలుపెట్టింది.

రెండో రోజు ఆమె గీస్తూ ఉండగానే సుబ్బారాయుడు ఒక జాబితా పట్టుకుని వచ్చాడు. వెంట టేపు పట్టుకుని ఒక వడ్రంగి వచ్చాడు. వడ్రంగి గోడలు కొలిచాడు. సుబ్బారాయుడు జాబితాలో ఏదో రాసుకున్నాడు. ఏమిటని అడిగితే హైమవతికి చూపించాడు. ‘ఎండుగడ్డి, బీరువాలు పదకొండు, తొలగించవలెను’ అని ఉంది. ఈ గదిని గురువారం నుంచి పూర్వ విద్యార్థుల సాధనా ప్రదర్శనశాలగా మార్చుతున్నారు. తనిఖీ బృందం వచ్చేనాటికి గోడల నిండా సాధకుల నిలువెత్తు ఫొటోలు ఉండాలి.

హైమవతి పెన్సిలు చేత్తో పట్టుకునే ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. అది ఎండుగడ్డి కాదని, ఈ కాలేజీ విద్యార్థులు ముప్ఫై ఏళ్లపాటు బురదలో దిగి, ముళ్లలో దూరి, తెచ్చి కూర్చిన పని అని, అందులో సగం మొక్కలు ఇప్పుడు జిల్లాలో ఎక్కడా లేవని చెప్పింది. రత్నాకరంగారు సానుభూతితో విన్నారు.

“కంగారు పడకండమ్మా. ఆ గదిలో గుమ్మానికి ఎదురుగా పెట్టే మొట్టమొదటి ఫొటో మీదే,” అన్నారు.

నా ఫొటో వద్దు, నా మొక్కలు ఉంచండి అని ఆమె అంది. అదొక వినయం అనుకుని ఆయన చేతులు జోడించారు.

ఇక మిగిలింది సుబ్బారాయుడు. ఈ మనిషితో బతిమాలితే పని జరగదని, అడగవలసింది అడగాలని ఆమెకు ముప్ఫై నాలుగేళ్ల కొలువు నేర్పింది. ప్రయోగశాల సామగ్రి పారేయడానికి నియమం ఏమిటని మామూలుగా అడిగింది. ఆయన సంతోషంగా చెప్పాడు. శాఖ మూతపడి ఉండాలి. శాఖలో ఒక్క విద్యార్థి పేరు రోల్లో ఉన్నా సూది కూడా కదపరాదు.

“మరి నా పేరుంది గదండి?”

“రేపటితో మూడో హాజరు పడుతుందండి. పడగానే తమరు పూర్వ విద్యార్థి అయిపోతారు, శాఖ మూతపడుతుంది. అందుకే గురువారం అని వేశాం.”

మర్నాడు జంతుశాస్త్రం లెక్చరరు వచ్చి హైమవతి పేరు మూడుసార్లు పిలిచాడు. బెంచీ ఖాళీ. గురువారమూ, శుక్రవారమూ ఖాళీయే. గైర్హాజరైన ప్రతి రోజూ శాతం తగ్గుతుంది కాబట్టి, శుక్రవారానికి ఆమె బాకీ ఒక్క రోజు నుంచి నాలుగుకు పెరిగింది. వడ్రంగిని వెనక్కి పంపేశారు.

శనివారం రత్నాకరంగారు స్వయంగా హైమవతి ఇంటికి వచ్చారు. అరుగు మీద శేషమ్మ కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. ఆయన తన హోదా చెప్పుకుని, అమ్మాయి మూడు రోజులుగా కళాశాలకు రావడం లేదని, ఇది ఆమె భవిష్యత్తుకు మంచిది కాదని అన్నారు. లోపల గదిలో హైమవతి ఊపిరి బిగబట్టి వింటోంది.

“మా అమ్మాయికి కడుపునొప్పండి,” అంది శేషమ్మ, చిక్కుళ్ల మీంచి తల ఎత్తకుండా. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట ఆవిడ నోటివెంట తడుముకోకుండా వచ్చింది.

సెలవుచీటీ లేకుండా గైర్హాజరు కుదరదని ఆయన గుర్తుచేశారు. శేషమ్మ లోపలి నుంచి కాగితం తెప్పించి, నా కుమార్తెకు ఒంట్లో కులాసాగా లేనందున అని రాసి ఇచ్చింది. ఎన్ని రోజులని ఆయన అడిగారు. తగ్గేవరకు అని ఆవిడ చెప్పింది. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని రత్నాకరంగారు వెళ్లిపోయారు. తల్లీకూతుళ్లు ఆ మధ్యాహ్నం అంతా నవ్వుకుంటూనే ఉన్నారు.

ఈలోగా సుబ్బారాయుడికి ఒక అనుమానం పుట్టింది. ఒక సాధకురాలి రికార్డు ఇలా ఉంటే మిగతా వాళ్లవి ఎలా ఉన్నాయో చూడాలి గదా. సాధకుల జాబితాలో ఉన్న తక్కిన ఇరవై ఇద్దరి పాత పట్టీలూ తీయించాడు. ఒక్కటీ సవ్యంగా లేదు. షేక్ మస్తాన్ వలీ అని డెబ్బై నాలుగేళ్ల పెద్దాయన రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా చేసి, కోస్తా అంతటా నాటక పరిషత్తుల్లో లైటింగుకు పేరు పడ్డాడు. ఆయన భౌతికశాస్త్రం రికార్డులో ఏడో ప్రయోగానికి సంతకం లేదు. ఒక రిటైర్డు జిల్లా జడ్జిగారికి ఇంగ్లీషులో రెండు గ్రేస్ మార్కులు ఎవరు కలిపారో రాసి లేదు. ఒక నృత్య గురువు వ్యాయామం పీరియడులో హాజరే లేదు. నలభై కథలు అచ్చైన ఒక పోస్టుమాస్టరుగారి తెలుగు వ్యాసం పేపరు మీద ‘విషయానికి దూరంగా పోయినాడు’ అని ఎర్రసిరా వ్యాఖ్య ఉంది.

పోనీ రికార్డు సవ్యంగా ఉన్నవాళ్లను సాధకులుగా వేద్దామని, నూటికి నూరు హాజరు ఉన్న పాత విద్యార్థులను వెతికించారు. నలభై ఒక్కమంది దొరికారు. వాళ్లంతా నూటికి నూరు హాజరు తప్ప మరేమీ సాధించలేదు. అందులో ఒకాయన ఇప్పటికీ రోజూ తొమ్మిదింబావుకి బస్టాపుకు వెళ్లి నిలబడి వస్తున్నాడని ఆయన కోడలు ఫోన్లో చెప్పింది.

గత్యంతరం లేక ఆ ఇరవై ఇద్దరికీ పునఃప్రవేశం ఉత్తర్వులు వెళ్లాయి. వీళ్లు తిట్టిపోస్తారని రత్నాకరంగారు భయపడ్డారు. అందరూ వచ్చారు. లేతనీలం చొక్కాలు కుట్టించుకుని మరీ వచ్చారు. హైమవతి కూడా కడుపునొప్పి తగ్గించుకుని తిరిగి వచ్చింది గాని, వారానికి రెండు రోజులు తప్పకుండా మానేసేది. లెక్క పెరగకుండా తరగకుండా ఎన్నిరోజులు మానాలో ట్రేసింగు కాగితం మీద వేసుకుంది.

మస్తాన్ వలీ మొదటి రోజే ఏడో ప్రయోగం మొదలుపెట్టాడు. లోలకం ఊపి కాలం కొలవాలి. పదిహేను రోజులైనా అది పూర్తి కాలేదు. మధ్యాహ్నం కాంటీన్‌లో హైమవతి ఆయన్ను ఎందుకు ఆలస్యమవుతోందని అడిగింది.

“పూర్తి చేస్తే ఇంటికి పొమ్మంటారు గదమ్మా,” అన్నాడాయన. “ఇంటి దగ్గర నాతో లైట్ల గురించి మాట్లాడేవాడెవడున్నాడు. ఇక్కడ ఆ డాన్సు మేష్టారితో కూర్చుంటే ఒక నృత్యనాటకం లేస్తోంది. పోస్టుమాస్టరుగారు పాటలు రాస్తున్నారు.”

జడ్జిగారైతే తన గ్రేస్ మార్కుల విషయం తేలేవరకు యథాతథ స్థితి కొనసాగించాలని తనకు తానే ఒక ఉత్తర్వు రాసుకుని నోటీసు బోర్డు మీద అంటించారు. సుబ్బారాయుడు దాన్ని చదివి, భాష సక్రమంగా ఉందని చెప్పి ఫైలు చేశాడు. హైమవతి మానని రోజుల్లో హెర్బేరియం షీట్లన్నిటికీ కొత్త పట్టిక రాస్తోంది. వలీ గారు ఆ గదిలో పురుగు పట్టకుండా ఉండే దీపాలు అమర్చారు. సాధకుల ఫొటోలకు జాగా లేక మెట్ల కింద గోడకు ఆనించి పెట్టారు.

నవంబరులో తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు. ఛైర్మన్‌గారు పొట్టిగా, కోపంగా, శాలువాతో ఉన్నారు. పూర్వ విద్యార్థుల సాధనల పత్రం ముందు పెట్టమన్నారు. రత్నాకరంగారు ఇరవై ముగ్గురి పేర్లూ అర్పించుకున్నారు. కోర్సు పూర్తి చేసిన ధ్రువపత్రాలు ఏవని ఛైర్మన్ అడిగారు. రత్నాకరంగారు సూపరింటెండెంటు వైపు చూశారు. అబద్ధం చెప్పడం సుబ్బారాయుడికి చేతకాదు.

“ఎవరికీ పూర్తవలేదండి. అందరూ రోల్లోనే ఉన్నారు.”

“అయితే వీళ్లు పూర్వ విద్యార్థులు కారన్నమాట.”

“ప్రస్తుత విద్యార్థులండి.”

ఛైర్మన్ ఆ గడిలో సున్నా చుట్టారు. రత్నాకరంగారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆ క్షణాన ఆయన ముఖం చూస్తే, గుమ్మం పక్కన నిలబడ్డ హైమవతికి జాలేసింది. మనిషి మంచివాడే, మార్కులు మాత్రమే కనిపించే కళ్లజోడు ఎవరో ఆయనకు పెట్టారు. ఆమె లోపలికి వచ్చి, పత్రంలో విద్యార్థుల సాధనలు అని ఇంకో గడి ఉంటుందేమో చూడండి అని మెల్లగా అంది.

ఉంది. ఏ కాలేజీ వాళ్లూ అందులో కబడ్డీ పోటీల్లో మూడో బహుమతికి మించి రాయలేదు గనక దానికి గరిష్ఠ మార్కు అంటూ ఎవరూ పెట్టలేదు. సుబ్బారాయుడు కూర్చుని నింపాడు. విద్యార్థులు రచించిన గ్రంథములు ముప్ఫై ఒకటి. విద్యార్థులు వెలుగు సమకూర్చిన నాటకములు ఆరు వందల నలభై. విద్యార్థులు వెలువరించిన తీర్పులు నాలుగు వేల పైచిలుకు. కోర్సు పూర్తి కాకముందే ఉద్యోగం పొందినవారు ఇరవై ముగ్గురు. కోర్సు పూర్తి కాకముందే ఉద్యోగ విరమణ కూడా పొందినవారు ఇరవై ముగ్గురు.

ఛైర్మన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. తమ ఇరవై ఏళ్ల అనుభవంలో ఇంత ప్రతిభావంతమైన విద్యార్థి బృందాన్ని చూడలేదన్నారు. ఒక విద్యార్థి పని ప్రత్యక్షంగా చూడాలన్నారు. హైమవతి వాళ్లను హెర్బేరియంలోకి తీసుకెళ్లి మూడో బీరువా తెరిచింది. ఛైర్మన్ చిలకబొట్టు షీటును, పక్కనే ఆమె గీసిన బొమ్మను చూశారు. శాలువా తీసి భుజం మీద వేసుకున్నారు. కోపం తగ్గింది.

“ఇది మా మేనమామగారి ఊళ్లో ఉండేది,” అన్నారు. “ఏ సంవత్సరం మీరు?”

“రెండో సంవత్సరమండి.”

“చాలా చక్కగా చేస్తున్నారు. తొందరపడి పూర్తి చెయ్యకండి.”

డిసెంబరులో కొత్తరేవు కళాశాలకు రాష్ట్రంలోనే పై గ్రేడు వచ్చింది. దానితో వచ్చిన లేఖలో ఆ గ్రేడు సదరు ఇరవై ముగ్గురు విద్యార్థులు రోల్లో కొనసాగినంత కాలమే చెల్లునని, హెర్బేరియం యథావిధిగా పరిరక్షించవలెనని రాశారు. రత్నాకరంగారు వెంటనే ఒక ఉత్తర్వు ఇచ్చారు. పై ఇరవై ముగ్గురిలో ఎవరూ ప్రిన్సిపాల్ అనుమతి లేనిదే కోర్సు పూర్తి చేయరాదు. హైమవతి లెక్కలు వేసుకున్న ట్రేసింగు కాగితం చించేసింది. వృక్షశాస్త్రానికి ఇన్‌ఛార్జి కావలసి వస్తే ఆ బాధ్యతా ఆమెకే ఇచ్చారు. విద్యార్థి పాఠం చెప్పరాదన్న నియమం ఎక్కడా దొరకలేదని సుబ్బారాయుడు ధ్రువీకరించాడు.

సంగతి మిగతా కాలేజీలకు పాకింది. అన్నిచోట్లా పాత పట్టీలు దులపడం మొదలుపెట్టారు. రిటైరైన ఇంజనీర్లకు, వీణ విద్వాంసులకు, చిత్రకారులకు హాజరు తక్కువని తాఖీదులు వచ్చాయి. పొరుగు పట్టణంలో ఒక కాలేజీ రికార్డులు మరీ సవ్యంగా ఉండి, ఒక్కరికీ ఏ లోపమూ దొరక్క, సిబ్బంది దిగాలుపడి కూర్చున్నారని వలీ గారు కబురు తెచ్చారు. ఆయనకు ఇంటర్మీడియెట్ చదివిన కాలేజీ నుంచి కూడా తాఖీదు వచ్చిందట. ప్రస్తుతం డిగ్రీ చదువుతున్నానని జవాబు రాశారు.

‘కాలవగట్టు మొక్కలు’ రెండో భాగం ఫిబ్రవరిలో వచ్చింది. మార్చి నెలాఖరున రత్నాకరంగారు రిటైరయ్యారు. సన్మానపత్రం రాసేటప్పుడు తేలింది, ఆయన కూడా ఈ కాలేజీలోనే బి.యస్సీ. చదివారని. అరవై దాటాయి, ప్రిన్సిపాల్‌గా చేశారు, పూర్వ విద్యార్థుల గడి సున్నాతో బోసిగా ఉంది. ఆయన పేరు అక్కడ వేస్తే నిండుగా ఉంటుందని సుబ్బారాయుడు రికార్డు తీశాడు. హాజరు బాగుంది. వృక్షశాస్త్రం ప్రాక్టికల్సులో ఒక్కో విద్యార్థి ఇరవై షీట్లు సమర్పించాలి. హైమవతి రాసిన కొత్త పట్టికలో పాలడుగు రత్నాకరం పేరున ఎన్ని ఉన్నాయని అడిగాడు. ఆమె చెప్పడానికి వెనకాడింది. పట్టిక ఆయనే తీసుకుని చూశాడు. పన్నెండు ఉన్నాయి. అందులో ఒకటి కరివేపాకు.

ఏప్రిల్ మొదటి సోమవారం తొమ్మిదిన్నరకు రత్నాకరంగారు లేతనీలం చొక్కాతో, మెళ్లో కార్డుతో వచ్చి బెంచీ చివర కూర్చున్నారు. హైమవతి పేరు పిలిచింది. ఆయన లేచి నిలబడి పలికారు. ఎనిమిది మొక్కలు ఎక్కడ దొరుకుతాయో కాస్త చెబితే, ఎవరినైనా పంపి తెప్పిస్తానన్నారు. ఎవరినీ పంపక్కర్లేదని ఆమె ఆయన్ను బయటికి తీసుకొచ్చింది. ప్రిన్సిపాల్ గది ముందు మెట్ల సందులో రెడ్డివారి నానుబాలు మొలిచి ఉంది. ఒక చిన్న కొమ్మ తుంచి, తుంచినచోట పాలు కారుతుంటే తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. భూతద్దం ఇచ్చింది.

మొదట ఆయనకు ఏమీ కనిపించలేదు. దగ్గరగా పట్టుకోమని, ఊపిరి ఆపమని చెప్పింది. ఆయన ఆపారు. గుండుసూది తలంత గుత్తిలో ఎన్ని పువ్వులున్నాయో అప్పుడు కనిపించింది.

“ఇది ఎప్పట్నించి ఉందండి ఇక్కడ?” అన్నారు కాసేపటికి.

“నేను చదువుకునేటప్పుడూ ఉందండి.”

“నేను రోజూ ఈ మెట్లే ఎక్కాను.”

లోపల గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వాళ్లను దాటుకుని వెళ్లారు. రత్నాకరంగారు మెట్టు మీద కూర్చుండిపోయారు. మరికొంచెం సేపు చూడొచ్చా అని, అద్దం కంటి నుంచి తీయకుండానే అడిగారు. హైమవతి రిజిస్టరు మూసి ఆయన పక్కన కూర్చుంది.